సింగరయ్య ఆపించిన రోకలి

అనగా అనగా ఒక రాజ్యం, ఆ రాజ్యంలో ఒక ఊరు, ఆ ఊరిలో కాపురాల వీధి. కథ చాలా చిన్నది. నోట్లో వక్క నానేలోగా అయిపోతుంది.

ఆ వీధికి పెద్ద జగ్గప్ప. మధ్యాహ్నం అరుగు మీద ఆయన గురక పెడితే ఎదురింటి ఆవు తాడు తెంపుకునేది. ఆవుగలాయన ఆరు నెలలు ఆలోచించి తాడు మార్చాడు. గురక గురించి మాత్రం ఎవరూ నోరెత్తలేదు. సరే, కథలోకి వద్దాం.

సింగరయ్యది మూడో ఇల్లు. వానాకాలం నుంచి అతని భార్య వెంగమ్మ మంచం పట్టింది. "ప్రశాంతంగా ఉండనివ్వండి" అన్నాడు వైద్యుడు. ఆ రోజు నుంచి కాకి అరిచినా సింగరయ్య రాయి పుచ్చుకునేవాడు.

గోడ అవతల పోలమ్మ ఇల్లు. మొగుడు పోయాక ఆమె ఇంట్లోనే అటుకులు దంచి అమ్ముకునేది. మూడు పోట్లు వేసి, నాలుగోసారి రోలు అంచు మీద తట్టేది, అంటుకున్న గింజలు రాలడానికి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అదే వరస.

ఒకనాడు సింగరయ్య గమనించాడు. రోలు అంచు మోగినప్పుడల్లా వెంగమ్మ వేలు మంచం పట్టె మీద అదురుతోంది. "అయ్యో, దెబ్బ అక్కడ, నొప్పి ఇక్కడ" అనుకున్నాడు.

మొదట పోలమ్మకే చెప్పాడు.

"చప్పుడు లేకుండా దంచడం మా అమ్మ నేర్పలేదు బాబాయ్" అంది పోలమ్మ. అయినా రోలు కింద గోనె పరిచింది.

వేలు అదురుతూనే ఉంది. రెండోసారి జగ్గప్పకు చెప్పాడు. రోలు పెరట్లోకి మారింది.

అయినా వేలు ఆగలేదు. మూడోసారి కొత్వాలు దగ్గరికి బయలుదేరాడు.

"ఏమండీ, ఆ పోలమ్మ..." అంటూ మూడుసార్లూ వెంగమ్మ ఏదో చెప్పబోయింది.

"మాట్లాడకు, ఆయాసం వస్తుంది" అన్నాడు మూడుసార్లూ సింగరయ్య.

"ఏమని రాయమంటావు?" అన్నాడు కొత్వాలు మీసం సవరించుకుంటూ.

"కాపురాల వీధిలో ఎవరింటా, ఏ కారణానా, రోకటి పోటు వినబడరాదని రాయండి."

ముద్ర పడింది. సాక్షిగా వచ్చిన జగ్గప్ప అదంతా శ్రద్ధగా చూశాడు. ఇంత సులువని ఆయనకు అంతవరకూ తెలియదు.

పోలమ్మ ఏటి అవతల అక్క ఊరికి వెళ్ళిపోయింది. రోలు బండెక్కించడానికి నలుగురు కావాలి. వీధిలో అందరికీ ఆ పూటే నడుము నొప్పి వచ్చింది. రోకలి ఒక్కటే భుజాన వేసుకుని పోయింది.

వీధి సద్దుమణిగింది. వెంగమ్మ వేలు ఆగింది. సింగరయ్య సంతోషించాడు.

మర్నాడు ఆమె గంజి ముట్టలేదు. మూడోనాడు అడిగింది, "పోలమ్మకు ఏమైందండీ? అంచు మోగినప్పుడల్లా నేనూ ఒక తట్టు తట్టేదాన్ని. ఈ మంచంలో నేను చేయగలిగిన పని అదొక్కటే."

సింగరయ్య కొత్వాలు దగ్గరికి పరుగెత్తాడు. ముద్ర పడ్డాక ఆజ్ఞ మారదన్నాడు కొత్వాలు. సింగరయ్య ఏరు దాటి పోలమ్మను బతిమాలాడు.

"నాకు రావాలనే ఉంది బాబాయ్. మీ అర్జీయే రానివ్వదు" అంది పోలమ్మ. రోకలి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

మర్నాడు పోలమ్మ పెరట్లో మిగిలిపోయిన రోట్లో ఉత్త ఊక పోసి సింగరయ్యే దంచాడు. మూడు పోట్లు, ఒక తట్టు. చేతులు బొబ్బలెక్కాయి. ఇంటికి వచ్చేసరికి వెంగమ్మ గంజి తాగి ఉంది.

"ఎవరో కొత్త మనిషండీ. చేతకావడం లేదు" అంది. "అయినా ఆపమనకండి. పాపం, పొట్టకూటి కోసమే కదా."

"అననులే" అన్నాడు సింగరయ్య.

మూడోరోజు భటుడు వచ్చాడు. అర్జీ పెట్టింది జగ్గప్ప, మధ్యాహ్నం నిద్ర పట్టడం లేదట. భటుడు ఆజ్ఞ చదివాడు. ఎవరింటా, ఏ కారణానా. సింగరయ్య చెప్పిన మాటల్లో ఒక్కటీ పొల్లుపోలేదు. చదవడం అయ్యాక రోకలి తీసుకుని వెళ్ళిపోయాడు.

సింగరయ్య ఇంట్లోకి వచ్చాడు.

"ఆ మనిషినీ పంపేశారా?" అంది వెంగమ్మ.

బొబ్బలెక్కిన చేతులు వెనక్కి పెట్టుకుని, "అవును" అన్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. వేలు మళ్ళీ కదలలేదు.

ఎవరి మేలు కోసం తగవుకు దిగుతామో, ముందుగా వాళ్ళ మాట వినాలి.