దయ్యానికి కిటికీ

పూర్వం ఒక కొండకోటలో, చనిపోయినవాళ్ళకు స్నానం చేయించే పని గవరమ్మది. ఒక చలికాలం కాపలా గదిలో పడుకున్న భటులు ముగ్గురు, వారం తిరక్కుండానే ఒకరి తర్వాత ఒకరు నిద్రలో పోయారు. ఒంటి మీద దెబ్బ లేదు, పాము కాటు లేదు. ముఖాలు మాత్రం బతికున్నవాళ్ళకన్నా ఎర్రగా ఉన్నాయి. గవరమ్మకు అనుమానం వచ్చి ఆ గదికి వెళ్ళి చూసింది. కిటికీ అన్నది లేదు, మధ్యలో బొగ్గుల కుంపటి ఉంది.

"వాళ్ళ ముఖాల ఎరుపే చెబుతోంది, మూసిన గదిలో కుంపటి గాలే వాళ్ళ ప్రాణం తీసింది, దొరా. గోడకు కిటికీ పెట్టించండి," అంది కోట సేనాధిపతి దళవాయితో.

ఆ గది కట్టించిన దళవాయి మండిపడ్డాడు. "నా కట్టడానికే వంక పెడతావా? అది దయ్యం పని!"

ఈసారి ఆ గదిలో పడుకోబోయేది ఎవరి బిడ్డో అనుకునేసరికి గవరమ్మ గుండె తరుక్కుపోయింది. వాదన మానేసి చేతులు జోడించింది.

"దయ్యమే అయ్యుంటుంది, దొరా. తలుపు వేశాక బయటికి పోయే దారి లేక లోపలున్నవాళ్ళ మీద పడుతోంది. దారి చూపిస్తే పోతుందేమో."

దళవాయి మీసం దువ్వుకున్నాడు. "దయ్యాన్ని తరిమే ఉపాయం నాకు తెలీదనుకున్నావా?" అంటూ ఆ పూటే రెండు గోడలకూ కిటికీలు కొట్టించాడు.

ఆ తర్వాత ఆ గదిలో ఎవరూ చావలేదు. దయ్యాన్ని తరిమింది తనేనని దళవాయి కోటంతా చెప్పుకున్నాడు. భటులు మాత్రం పెళ్ళాంబిడ్డలతో గవరమ్మ గుడిసెకు వచ్చి కాళ్ళకు మొక్కారు.

"నాకు కాదు నాయనా, పోయిన ఆ ముగ్గురికీ మొక్కండి," అంది గవరమ్మ కళ్ళు ఒత్తుకుంటూ. "నాకు చెప్పింది వాళ్ళే."