అలమారలో లేని వాక్యం

మాణిక్యకి ఫ్రెంచి సాహిత్యంలో ఇరవైకి పదమూడు వచ్చాయి. క్లాసులో అవే అందరికంటే ఎక్కువ. పుదుచ్చేరిలో ఆ అంకె చెబితే తోటివాళ్ళు కళ్ళు పెద్దవి చేసి చూస్తారు. అదే అంకె అమెరికా యూనివర్సిటీ దరఖాస్తులోకి ఎక్కితే, ఏదో గట్టెక్కిన పిల్ల అనుకుంటారు.

ఆ పదమూడు వేసింది అగస్తీన్ మేష్టారు. పుదుచ్చేరిలో ఒక ఫ్రెంచి బడిలో ముప్ఫై ఆరేళ్ళు పాఠం చెప్పారు. ఎవరికీ పద్నాలుగు దాటి వెయ్యకుండానే మొన్న జులైలో రిటైరై, సొంత ఊరు యానాం వచ్చేశారు. మాణిక్యదీ యానామే. తాత ఫ్రాన్సు సైన్యంలో సిపాయిగా చేశాడు. ఆయన వల్ల వచ్చిన ఫ్రెంచి పౌరసత్వమే ఆమెని ఆ బడికి చేర్చింది.

నవంబరు ఒకటిన వచ్చే సకల పునీతుల పండుగ సెలవులకి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే ఆమె మేష్టారింటికి వెళ్ళింది. పండగ రోజే దరఖాస్తుకి ఆఖరు తేదీ. ఇంక మూడు రోజులే ఉంది. చేతిలో రెండు కాగితాలు. ఒకటి మేష్టారు నింపి సంతకం పెట్టాల్సిన సిఫారసు ఫారం. రెండోది ఆమె తన గురించి రాసుకున్న వ్యాసం, ఇంకా ఇంగ్లీషులోకి మార్చని ఫ్రెంచి చిత్తుప్రతి.

ముందుగది నాలుగు గోడలకీ పుస్తకాల అలమారలే. మధ్యలో ఒక చేతుల కుర్చీ, ఒక బల్ల, పక్కన ఒక బెంచీ. మేష్టారి కళ్ళకి శుక్లాలు ముదిరాయి. అడుగుల చప్పుడు విని మనిషిని పోల్చుకుంటున్నారు.

"మాణిక్యా? ఆ విసురు నీదే. ఏమ్మా, ఎవరి మీద?"

"మీ మీదేనండి. మీ పదమూడు వాళ్ళ లెక్కలో నూటికి అరవై అయిదు. తొంభైలు తెచ్చుకున్నవాళ్ళ పక్కన పెట్టి నా కాగితం చూస్తారు. చూసి నవ్వుతారు."

"నవ్వనీ. పొద్దున్నే ఎవరో ఒకరు నవ్వాలి."

"వేళాకోళం కాదు మేష్టారూ. ఈ ఫారంలో అయిదు గళ్ళున్నాయి. మొదటిది 'సగటు'. ఆఖరుది 'నా ఉద్యోగంలో చూసిన అతి కొద్దిమంది గొప్ప విద్యార్థుల్లో ఒకరు'. మీరు ఆఖరు గడిలో గుర్తు పెట్టాలి. లేకపోతే నా పని అయిపోయినట్టే."

"నువ్వు అంత గొప్పదానివా?"

"కాదని మీరు రుజువు చెయ్యండి!"

ఆయన నవ్వి కుర్చీలో వెనక్కి వాలారు. "సరే. ఏం రాశావో చదువు."

ఆయన క్లాసులో ఒక పద్ధతి ఉండేది. వినే మేష్టారు కూర్చుంటారు, చదివే విద్యార్థి నిలబడాలి. మాణిక్య నిలబడి గొంతు సవరించుకుంది.

"మనిషిని అంకెతో కొలిచే బడి, తలుపులున్న జైలు."

మేష్టారు కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచారు. మోకాళ్ళు టకటకమన్నాయి. ఎడమ గోడ దగ్గరికి వెళ్ళి, రెండో అరలో వేళ్ళతో తడిమి, ఎర్రట్ట పుస్తకం ఒకటి లాగారు. పేజీలు తిప్పి, ఒక చోట వేలు ఆనించి, అలాగే తెరిచి బెంచీ మీద పెట్టారు. తిరిగొచ్చి కూర్చున్నారు.

"తరవాత."

మాణిక్య వంగి చూసింది. అదే వాక్యం. పక్కన పెన్సిలు గీత. ఆ గీత తనదే. నిరుడు ఈ పుస్తకం ఆయన దగ్గరే అరువు తీసుకుంది.

"మోకరిల్లినవాడి పేరు చరిత్ర రాసుకోదు."

మేష్టారు మళ్ళీ లేచారు. ఈసారి కిటికీ పక్క అలమార. పుస్తకం తెచ్చారు, తెరిచారు, పెట్టారు, కూర్చున్నారు.

మూడో వాక్యానికి లేచారు. నాలుగో దానికీ లేచారు. వ్యాసం బడిలో నేర్పినట్టే మూడు భాగాలు: ముందు ఒక పక్షం, తరవాత ఎదుటి పక్షం, చివర రెండింటినీ కలిపే మాట. మొదటి భాగం అయ్యేసరికి బెంచీ సగం నిండింది. ఒక్క పుస్తకం కూడా ఆయన తప్పు తియ్యలేదు. కళ్ళు సరిగ్గా కనపడని మనిషి వేలు ప్రతిసారీ సరిగ్గా ఆ వరస మీదే వాలుతోంది.

"కూర్చోండి మేష్టారూ. నాకు అర్థమైంది."

"నాకింకా కాలేదు. చదువు."

ఆమెకి రోషం ముంచుకొచ్చింది. "పుస్తకాల్లో ఉంటే ఏమైంది? నిజం ఎవడబ్బ సొమ్మూ కాదు! మాట కన్నవాడిది కాదు, దాంతో పోరాడేవాడిది!"

మేష్టారు ఒక క్షణం ఆలోచించారు. లేచారు. కింది అర ముందు కష్టపడి కూర్చుని, దుమ్ము పట్టిన కరపత్రం ఒకటి లాగి, ఊది, ఆమె చేతికిచ్చారు.

"ఇదీ మంచిదే. రెండో పేజీ."

మాణిక్యకి నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. గబగబా చదివి బయటపడాలనుకుంది. రెండో భాగం మధ్యలో ఒక చోట ఊపిరి తీసుకుని ముందుకెళ్ళింది.

"ఆగు," అన్నారు మేష్టారు. "అక్కడేదో దాటేశావు."

"ఏం లేదండి. కొట్టేసిన వాక్యం."

"చదువు."

"అది పనికిరాదండి."

"ఎవరన్నారు?"

"మీరే అన్నారు." ఆమె గొంతు తగ్గింది. "వ్యాసంలో 'నేను' రాకూడదన్నారు. ఇంట్లోవాళ్ళ ఊసు రాకూడదన్నారు. నిరుడు నా వ్యాసంలో అలాంటివి మూడు చోట్ల ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు. అందుకని దీన్ని నేనే కొట్టేసుకున్నాను."

వీధిలో చేపలమ్మి కేక దగ్గరికొచ్చి, ఇల్లు దాటి వెళ్ళిపోయింది.

"చదువు," అన్నారు మళ్ళీ, మెల్లగా.

మాణిక్య కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. కొట్టేసిన గీత కింద అక్షరాలు వెతుక్కుంటూ చదివింది.

"తాను బతికే ఉన్నానని ఫ్రాన్సు దేశానికి రుజువు చూపించడానికి మా నాయనమ్మ ఏడాదికోసారి పెళ్ళిచీర కట్టుకుంటుంది."

చదివి సిగ్గుపడింది. "పోయిన తాతయ్య పింఛను కోసమండి. ఏటా మనిషి ఆఫీసులో కనపడాలి. బతికున్నట్టు వాళ్ళు కాగితమిస్తారు. ఆ రోజు కోసం వారం ముందే చీర ఎండలో వేస్తుంది. ఊరికే రాశాను."

మేష్టారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు.

ఎడమ గోడ దగ్గరికి వెళ్ళారు. పై అర చివరి నుంచి వేలితో పుస్తకాల వీపులు తడుముతూ నడిచారు. ఆ అర అయింది. రెండోది అయింది. కిటికీ పక్క అలమార, తలుపు వెనక అలమార. నేల మీది కట్టల్ని కూడా వంగి తడిమారు. మాణిక్య కాగితం పట్టుకుని చూస్తోంది. ఆ వేలు ఎక్కడ ఆగుతుందోనని ఆమెకి భయం వేసింది.

వేలు ఎక్కడా ఆగలేదు. గదంతా తిరిగి ఆయన వట్టి చేతులతో వచ్చారు.

"ఇది నా దగ్గర లేదు," అన్నారు.

కూర్చోకుండానే బల్ల మీదికి వంగి, ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని ఫారం నింపారు. అయిదు గళ్ళలో దేంట్లోనూ గుర్తు పెట్టలేదు. కింద ఖాళీలో ఒకే ఒక వాక్యం రాసి సంతకం చేశారు. 'ఈ అమ్మాయి రాసిన ఒక మాటను నేను అంతకుముందు ఎక్కడా చదవలేదు.'

మాణిక్య ఇంతేనా అని అడగలేదు. ఫారం అందుకోవడం కూడా మరిచిపోయింది.

"ఆ వాక్యం ఇంకోసారి చదువమ్మా."

ఆమె నోరు తెరవబోయింది.

"నిలబడి కాదు. కూర్చో."

బెంచీ నిండా పుస్తకాలే. ఖాళీగా ఉన్నది ఆయన కుర్చీ ఒక్కటే.

"మేష్టారూ..."

"కూర్చుని చదువు."

ఆమె అంచున కూర్చుంది. మేష్టారు ఎదురుగా, చేతులు కట్టుకుని నిలబడ్డారు.