పంతులుగారి శాసనం, తిరిపాలు గుసగుస

చిల్లకొండ సంస్థానాధీశులు నరసభూపతి రాజావారి పల్లకీ ఒక పొద్దున కోట బాటలో ఆగిపోయింది. ఎదురుగా పధ్నాలుగు గేదెలు, అరడజను ఆవులు అడ్డంగా పడుకుని నెమరేస్తున్నాయి. బోయీలు ఎంత అదిలించినా ఒక్క గేదె తోక మాత్రం కదిలింది, అదీ ఈగ కోసం.

రాజావారు దిగి, పేడలో కాలేసి, నడిచి సభకొచ్చారు.

"గొడ్లను ఇళ్ళ దగ్గర కట్టేసుకోమని మూడుసార్లు చాటించాం. ఒక్కడూ వినలేదు. తప్పు రాసినవాడిదా, చాటినవాడిదా? ఇవాళ తేలాలి."

రాసినవాడు విరూపాక్ష పంతులు. రాజుగారి మాటను కాగితం మీద పెట్టడం ఆయన కొలువు. చాటినవాడు తిరిపాలు. వీధివీధినా టముకు కొట్టి ఆ కాగితంలోది అరిచి చెప్పడం అతని బతుకు.

పంతులు ఉత్తరీయం సర్దుకున్నాడు.

"ప్రభూ, నా వైపు లోపం లేదు. మొదట ఆనతి అన్నాను, నోటిమాటకి అదే పదం. వినలేదు. తర్వాత ముద్ర వేసి ఉత్తర్వు రాశాను. వినలేదు. ఆపైన బెదిరింపు చేర్చి తాకీదు పంపాను. ఇక మిగిలింది శాసనం. దానికీ కదలకపోతే తప్పు ఆ టముకుదే."

తిరిపాలు బదులు చెప్పాలనే నోరు తెరిచాడు. సంతలో అరిస్తే మూడు వీధులకు వినబడే గొంతు, సభలో అడుగుపెట్టగానే కడుపులోకి జారిపోతుంది. వచ్చింది ఒక్క మాటే.

"చిత్తం."

దాంతో తప్పు తనదేనని ఒప్పుకున్నట్టయింది. పాతికేళ్ళుగా మాటలతోనే బతుకుతున్నావు, అవసరానికి ఒక్కటీ దొరకలేదేంరా అని తనను తానే తిట్టుకున్నాడు.

"సరే తిరిపాలూ, రేపు శాసనం చాటు. పంతులు రాసినదాంట్లో ఒక్క అక్షరం మార్చకూడదు. ఎల్లుండి పొద్దుటికి బాట ఖాళీ కావాలి. లేదంటే ఆ టముకు ఇక్కడ పెట్టి వెళ్ళు" అన్నారు రాజావారు.

టముకు పోతే తిరిపాలుకు వేరే పని రాదు. ఒకసారి నాగలి పట్టి చూశాడు. ఎడ్లే జాలిపడి ఇంటిదారి పట్టాయి.

పంతులు ఆ శాసనాన్ని నాలుగుసార్లు వల్లె వేయించాడు. "దుర్గమార్గమందు గోమహిష్యాది చతుష్పాద సంచారము నిషిద్ధము. స్వస్వామి గృహమందే బంధనము విధాయకము."

తిరిపాలు ఇంటికొచ్చి దాన్ని భార్య ఓబుళమ్మకు అప్పజెప్పాడు. ఆమె చింతపండు పిసుకుతూ వింది.

"ఎవరైనా చచ్చిపోయారా?"

"కాదే. గొడ్లను కట్టేసుకోమని."

"ఆ ముక్క అందులో ఎక్కడుంది?"

"ఉందంట. నాకూ తెలీదు. నేను అరిచేవాణ్ణే గానీ అర్థం చేసుకునేవాణ్ణి కాదుగా."

"నువ్వు అరుస్తుంటే నేనే చెవులు మూసుకుంటానయ్యా. అదే పక్కింటి ఆదెమ్మ గోడ మీంచి గుసగుసలాడిందనుకో, పొయ్యి మీద పాలు పొంగిపోయినా అక్కణ్ణించి కదల్ను."

తిరిపాలు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. పెళ్ళాం చెప్పాక గానీ బుర్ర వెలగని మొగుణ్ణని అతనికి కొత్తగా తెలిసిందేమీ కాదు. కానీ ఈసారి బాగా వెలిగింది.

మర్నాడు వీధి మొదట్లో నిలబడి టముకు మీద ఒక్క దెబ్బ కొట్టాడు. అటూ ఇటూ చూశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, శాసనమంతా పొల్లుపోకుండా, పెదవులు దాటీ దాటకుండా చదివేశాడు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది.

"ఏంది తిరిపాలూ, ఏదో గొణుగుతున్నావు?"

"ఏం లేదులే అక్కా."

ఏం లేదన్నాక ఇంకేముంది, పది తలుపులు తెరుచుకున్నాయి. ఒకామె చేట పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. ఒకాయన సగం గడ్డంతో వచ్చాడు, వెనకాలే మంగలి.

"మా దగ్గర దాస్తావేమయ్యా, మేం పరాయివాళ్ళమా?"

"దాచడమేముంది మామా, గొడ్లను బాట మీదికి వదలొద్దంట. ఇంటి దగ్గరే కట్టేసుకోవాలంట."

"ఇంతేనా?"

"ఇంతే."

"ఇంతదానికి రహస్యమెందుకు? ఇందులో ఇంకేదో ఉంది" అని వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయి, ముందు జాగ్రత్తగా గొడ్లను కట్టేశారు. పొద్దుగూకేలోపు ఊరంతా అలాగే తిరిగాడు.

మూడోనాటి పొద్దున రాజావారు పల్లకీలో బాట చూడ్డానికి వచ్చారు. పంతులూ, తిరిపాలూ వెనకే ఉన్నారు. బాట శుభ్రంగా ఉంది. మలుపు దగ్గర మాత్రం, నల్లగా నిగనిగలాడుతూ, ఒకే ఒక్క గేదె పడుకుని ఉంది.

పంతులు అందుకున్నాడు. "చూశారా ప్రభూ? ఇతను శాసనాన్ని గుసగుసగా చదివాడట. రాజశాసనానికి ఇంత అవమానమా?"

"అక్షరం మార్చావా?" అన్నారు రాజావారు.

"లేదు ప్రభూ. నా గొంతే మార్చాను. అరిస్తే ఎవరి గొడవో అనుకుంటున్నారు. గొణిగితే వచ్చి ఏమిటని అడిగారు. అడిగినవాళ్ళకి చెప్పాను, చెప్పించుకున్నవాళ్ళు కట్టేశారు."

"మరి ఈ గేదె?"

"దీని ఆసామి వచ్చి అడగలేదు ప్రభూ."

"ఎవరతను?"

తిరిపాలు గొంతు మళ్ళీ జారబోయింది. గట్టిగా పట్టి పైకి లాక్కున్నాడు.

"ఊరందరిలో, అడక్కుండానే శాసనం అర్థమైన ఒకే ఒక్కాయన ప్రభూ."

రాజావారు పంతులు వైపు చూశారు. పంతులు గేదె వైపు చూశాడు. గేదె మాత్రం యజమానిని గుర్తుపట్టి లేచొచ్చి, ఆయన ఉత్తరీయం నాకడం మొదలుపెట్టింది.

బోయీలు పల్లకీ దించి మరీ నవ్వారు. రాజావారు కళ్ళు తుడుచుకుని అన్నారు, "తిరిపాలుకు చెరువు కింద రెండెకరాల మాగాణి ఇస్తున్నాం. టముకు అతని దగ్గరే ఉంటుంది. పంతులూ, రాసుకో."

పంతులు కలం తీసి, తడబడుతూ అడిగాడు. "ప్రభూ, దీన్ని ఉత్తర్వనమంటారా, శాసనమనమంటారా?"

"ముందు గేదెను కట్టేసి రావయ్యా" అన్నారు రాజావారు.