హుసేనప్పకు ఓబన్న కుట్టిన పుస్తకం

ఇనండి. చిన్నోళ్లు ముందుకు జరగండి, పెద్దోళ్లు గోడకు ఆనుకోండి. నేను చెప్తా ఉంటే ఎవురో ఒకరు 'ఊఁ' కొట్టాల. 'ఊఁ' ఆగితే కథ ఆగుతుంది, ముందే చెప్తున్నా.

సుద్దకొండ మీద కోట నిలిచిన కాలంలో, ఆ కోటలో పాలెగాడు మీసం మెలేసిన కాలంలో, మీ అవ్వకు అవ్వ కూడా ఇంకా పుట్టని కాలంలో, కొండ కింద ఓబన్న అని ఒక మాదిగాయన ఉండేవాడంట. పాలెగాని పేరు అడగొద్దండి. వాని పేరు నా నోట రాకూడదని మా అవ్వ ఒట్టు పెట్టించుకునింది. ఓబన్న పేరు మటుకు ఎన్నిసార్లైనా చెప్తా.

ఓబన్న ఊరికి చెప్పులు కుట్టేవాడు. కపిల బావులకు బానలు కుట్టేవాడు. బాన అంటే తెలుసు కదా, ఎద్దులు లాగితే బావిలోంచి నీళ్లు పైకి తెచ్చే పెద్ద తోలు సంచి. ఓబన్న కుట్టిన బాన చుక్క కారేది కాదంట. ఇంట్లో ఆయన, ఆయన పెండ్లాం సుంకమ్మ, ఒక మేక. అంతే వాళ్ల సంసారం.

ఓబన్నకు ఒక సావాసగాడు. దూదేకుల హుసేనప్ప. ఒకరినొకరు 'బావా' అని పిలుచుకునేవాళ్లు. హుసేనప్ప ఇంటింటికీ పోయి పరుపుల దూది ఏకేవాడు. ఏకే వింటి నారి తొంయ్ తొంయ్ అంటా ఉంటే ఆ మోతకే పదాలు కట్టి పాడేవాడు. ఒక పదం నాకింకా గుర్తుంది:

పరుపు మెత్తనన్నావు, ఏకినోడెవడప్పా?
చెప్పు కిర్రుమన్నాది, కుట్టినోడెవడప్పా?
గద్దె మీద కూకోని గర్జించేటోడా,
గద్దె కింద కాళ్లెవరివి, సూడప్పా!

ఇట్లాంటి పదాలు నూరు కట్టినాడంట. పాలెగాడు వింటే ఊరుకుంటాడా? అయినా హుసేనప్ప మానలేదు. ఎవరో బైరాగి దగ్గర నాలుగక్షరాలు నేర్చుకుని, దొరికిన కాయితం ముక్క మీదల్లా పదం రాసి దూది సంచిలో కుక్కేవాడు.

ఒకనాడు హుసేనప్ప ఓబన్న వాకిట్లో కూలబడి ఒకటే దగ్గు. నలభై ఏండ్లు దూది ఏకినాడు కదా, ఆ నూగంతా రొమ్ములోకి పోయింది.

"రొమ్ము నిండా దూదే బావా," అన్నాడు హుసేనప్ప. "ఇంక ఎన్నాళ్లు పాడతానో తెలీదు. రాసినవా, ఒక పదం మేక తినింది. ఒక పదం గాలికి పోయింది. ఒక పదంతో మా కోడలు పొయ్యి రాజేసింది. నేను పోతే నా నోటి మాట ఒక్కటీ మిగలదు."

హుసేనప్ప ఇంటికి పోయినాక ఓబన్న సుంకమ్మతో అన్నాడు, "బావకు పుస్తకం కుడతా."

"నువ్వా? పుస్తకాన్ని ఎప్పుడన్నా ముట్టుకున్నావా?"

"ముట్టుకోనీలేదు గదా. అందుకే కుడతా."

ఇంట్లో మేక ముసలిదై చచ్చిపోతే దాని తోలు తీసి సున్నంలో నానబెట్టినాడు. వెంట్రుక గీకినాడు. తంగేడు చెక్క కషాయంలో వేసి తిప్పి తిప్పి ఊరబెట్టినాడు. నీడన ఆరబెట్టి ఆముదం రాసి రాసి మెదిపినాడు. అంగడాయనకు మూడు జతల చెప్పులు కుట్టిచ్చి కాయితం కట్ట తెచ్చుకున్నాడు.

అయితే కాయితాలు ఎట్ల మడవాల? అడుగుదామని కోట పంతులింటికి పోయి వీధిలోనే నిలబడినాడు. పంతులు అరుగు దిగలేదు.

"తోలుకూ అక్షరానికీ పొత్తేందిరా? నీ చెయ్యి పడితే అక్షరం మైల పడిపోతుంది, పో!"

"అట్లనా సామీ? మరి మీ గుళ్లో మద్దెలకు మూసేది అరిటాకా?"

పంతులు తలుపు ధడేలుమని వేసుకున్నాడు. ఓబన్న నవ్వుకుంటా ఇంటికొచ్చినాడు. నవ్వినాడు గానీ లోపల మండింది. మీకైతే మండదా?

మొదటిసారి చెప్పు కుట్టినట్లు బిగించి కుట్టినాడు. పుస్తకం నోరు తెరవలేదు. రెండోసారి బాన కుట్టినట్లు పెద్ద పెద్ద కుట్లేసినాడు. ఆకులు జారి ఒళ్లో పడినాయి. అప్పుడు సుంకమ్మ అనింది, "పసిబిడ్డకు మొలతాడు ఎట్ల కడతాము? బిగిస్తే కోస్తుంది, వదిలితే జారుతుంది. ఒక వేలు పట్టేంత సందు ఉంచుతాం గదా?" మూడోసారి ఓబన్న అట్లనే కుట్టినాడు. తోలు పొడిచే ఆరెతో ఒక్కొక్క బొక్క పొడిచి, మైనం పట్టించిన దారం లాగి, వేలు పట్టేంత వదులిచ్చినాడు. పుస్తకం తెరిస్తే తెరుచుకునింది, మూస్తే మూసుకునింది.

తీసుకుపోయి హుసేనప్ప చేతిలో పెట్టినాడు.

"ఏంది బావా ఇది?"

"నీ పదాలకు చెప్పులు కుట్టినా బావా. ఇంక యాడికి నడుస్తాయో నడవనీ."

హుసేనప్ప దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసినాడు. చెంపకు రుద్దుకున్నాడు. ముసలాయన, మనవళ్లున్నాయన, గుక్కపట్టి ఏడ్చినాడు. ఆ రోజు నుంచి దీపం మసి, తుమ్మ బంక కలిపి సిరా చేసుకుని, గుర్తుకు తెచ్చుకుని తెచ్చుకుని నూరు పదాలూ అందులో ఎక్కించినాడు.

తోలు అట్ట పుస్తకమంటే అప్పట్లో ఎవురు చూసినారు? పక్కూళ్ల నుంచి జనం వచ్చి చూసిపోతా ఉండినారు. ఆ మాట కోటకెక్కింది.

పాలెగాడు మొదట ఓబన్న కాడికి మనిషిని పంపినాడు. "నీకు జత ఎద్దులిస్తారంట. ఆ పుస్తకం వెనక్కి తీసుకొచ్చి కోటలో ఇయ్యి."

"ఇచ్చేసినానప్పా. ఇచ్చినాక అది నాది కాదు."

రెండోసారి ఇద్దరు మనుషులొచ్చినారు, కత్తులతో. "పుస్తకమా, ప్రాణమా?"

"ఇచ్చేసినానప్పా. ఇచ్చినాక అది నాది కాదు. దొరకు కావాలంటే ఇంకొకటి కుడతాలే."

ఇంకొకటి వానికెందుకు! వానికి ఆ పుస్తకమే కావాల. గద్దె కింద కాళ్లెవరివని అడిగిన పదం ఉండేది అందులో కదా. మూడోసారి ఎవర్నీ అడగలేదు. హుసేనప్ప ఇంట్లో దూరి, దగ్గుతా ఉన్న మనిషిని పక్కకు తోసి, పుస్తకం లాక్కుపోయినారు.

ఇప్పుడు ఇనండి వాళ్ల తెలివి. మాదిగోని చెయ్యి, దూదేకులోని చెయ్యి పడిన పుస్తకం కదా, కోటలో పెట్టాలంటే మైల పోవాల. పంతులు గంగాళం నిండా పసుపునీళ్లు పోయించి, మంత్రాలు చదివి, పుస్తకాన్ని మూడు మునకలు ముంచినాడు. ఒక మునకకు నీళ్లు మసకబారినాయి. రెండో మునకకు బూడిదరంగుకు తిరిగినాయి. మూడో మునకకు నల్లగా అయిపోయినాయి. నూరు పదాలు గంగాళంలో కలిసినాయి.

పాలెగాడు పడీపడీ నవ్వినాడంట. "పదాలు పోయి పుస్తకం మిగిలింది! ఎండబెట్టండి, నా వంశం కథ రాయిస్తా."

తడి తోలును ఎండలో పెట్టినారు! మాదిగ ఇండ్లల్లో పాలు తాగే బిడ్డకు కూడా తెలిసిన సంగతి ఇది. తోలు ముడుచుకపోయింది. కుట్లు పటుక్కుమన్నాయి. అట్ట అప్పడమైంది. అప్పుడు ఓబన్నను పిలిపించినారు.

"ఒరే, దీన్ని మళ్లా కుట్టు."

ఓబన్న పుస్తకం తెరిచినాడు. ఆయనకు అక్షరాలు రావు. అయినా తెలిసిపోయింది. ఆకులన్నీ తెల్లగా ఉండినాయి.

"మా బావ ఊపిరి కడిగేసినారు సామీ మీరు," అన్నాడు. "నేను కుట్టను."

గడ్డివాములకాడ గుంజకు కట్టేసినారు. నడి ఎండాకాలం. పొద్దున అడిగినారు, "కుడతావా?" "కుట్టను." మధ్యాన్నం అడిగినారు, "కుడతావా?" "కుట్టను." పొద్దు వాలేటప్పుడు అడిగినారు, "కుడతావా?" నాలుక పిడచగట్టుకపోయి మాట రాలేదు. తల అడ్డంగా ఊపినాడు.

సుంకమ్మ ఏడుస్తా కూచుందనుకున్నారా? ఓబన్న ఆరె తీసుకుని మాదిగ వీధి నడుమకొచ్చి నేల మీద పెట్టింది.

"కోట పనికి మా ఇంటి ఆరె కింద పెట్టినా," అనింది. "మీ ఆరె పైన ఉంటే నాకు మొగం చూపించొద్దండి."

ఒకాయన లేచొచ్చి పెట్టినాడు. ఇంకొకాయన పెట్టినాడు. అయిపోయింది, వీధి వీధంతా పెట్టేసినారు. బీదాబిక్కీ బానలు మటుకు కుట్టినారు. కోట బానలు కుట్టలేదు. పాలెగానికి ఆకుతోటలు ఉండేవి, ముప్పై బావుల కింద. తమలపాకు తీగకు నాలుగు రోజులు నీళ్లు లేకుంటే తల వాలుస్తుంది కదా. మొదటి రోజు రెండు బానలు చినిగినాయి. రెండో రోజు ఆరు చినిగినాయి. పక్కూరి నుంచి కుట్టేవాళ్లను పిలిపిస్తే, వాళ్లొచ్చి సంగతి విని, వాళ్ల ఆరెలూ అక్కడే పెట్టి సుంకమ్మ ఇంట్లో సంగటి తిని పోయినారు. కోట బంట్లే కూచుని కుట్టినారు, గోనెసంచి కుట్టినట్లు. బాన పైకొచ్చేసరికి అందులో కప్ప తప్ప ఏమీ మిగల్లేదు. నవ్వండి, నవ్వాల్సిందే!

అయిదో రోజుకు ఆకుతోట పసుపుబారింది. పాలెగాడు పళ్లు పటపట కొరుక్కుంటా వచ్చి, ఓబన్న కట్లు విప్పించి, పుస్తకం కాళ్లకాడికి విసిరినాడు.

"పో, ఎత్తుకపో! ఏముందందులో, ఉత్త కాయితం!"

ఓబన్న నిలబడలేకపోతున్నాడు. గుంజ పట్టుకుని నిలబడినాడు. పుస్తకం ఎత్తలేదు.

"విసిరింది నేనెత్తను సామీ. ఎవురింట్లో లాక్కున్నారో ఆ ఇంట్లో ఇచ్చి రావాల. కడిగినోళ్లే మోసుకుని పోవాల."

అక్కడున్నోళ్లంతా నోరెళ్లబెట్టినారు. పాలెగాడు ఆకుతోట వైపు చూసినాడు, పంతులు వైపు చూసినాడు. ఏంచేస్తాడు? నట్టనడి పగలు, నడివీధిలో, అందరూ చూస్తా ఉండగా, పంతులు తోలు పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని దూదేకుల ఇంటికి నడిచి, హుసేనప్ప మంచం మీద పెట్టొచ్చినాడు. అప్పుడు మాదిగ వీధిలో ఆరెలు లేచినాయి.

అప్పటికి హుసేనప్ప మంచానికి అతుక్కుపోయినాడు. ఓబన్న తోలుకు ఆముదం పట్టించి, మెదిపి, మంచం పక్కనే కూచుని మళ్లా కుట్టినాడు. హుసేనప్ప ఒక చరణం పాడేవాడు, దగ్గేవాడు, రాసేవాడు. ఇంకో చరణం పాడేవాడు, దగ్గేవాడు, రాసేవాడు.

"తొందరపడొద్దు బావా," అనేవాడు ఓబన్న.

"తొందర నాది కాదు బావా, రొమ్ములో దూదిది."

అరవై మూడు పదాలు రాసినాడు. అరవై నాలుగోది సగంలో ఉండగా కలం జారిపోయింది. ఓబన్న ఆ చెయ్యి పట్టుకుని చల్లబడేదాకా వదల్లేదు.

పుస్తకం కూడా గోరీలో పెట్టేద్దామన్నారు ఎవరో. ఓబన్న లేచినాడు. "పెట్టనీను. ఇంకా ముప్పై ఏడు రావాల."

రెక్కలున్నన్నాళ్లూ తిరిగినాడంట ఆయన. ఊరూరా పోయి అడిగేవాడు, "మా బావ మీ ఇంట్లో దూది ఏకినప్పుడు ఏమన్నా పాడినాడా? గుర్తుందా?" ఎవురికన్నా గుర్తుంటే, రాయడం వచ్చినోళ్లతో రాయించుకునేవాడు. జనం పుస్తకాన్ని ముట్టుకోను భయపడేవాళ్లు. కుమ్మరి చేతికి బంకమట్టి, అద్దకపాయన చేతికి నీలి, గొడ్ల కాడ ఉండే ఆమె చేతికి పేడ. కడుక్కొస్తామనేవాళ్లు.

"కడుక్కోవద్దు," అనేవాడు ఓబన్న. "కడగబట్టే పదాలు పోయినాయి. ఉన్న చేత్తోనే పట్టుకో."

అట్ల పట్టుకుని పట్టుకుని పుస్తకం నిండా వేళ్ల ముద్రలు పడినాయి. ఇరవై ఎనిమిది పదాలు దొరికినాయి. తొమ్మిది ఇప్పటికీ దొరకలేదు. మీ ఇంట్లో ముసలోళ్లెవరన్నా ఏదన్నా కూనిరాగం తీస్తుంటే సరిగ్గా వినండి, అందులో ఒకటి ఉన్నా ఉండొచ్చు.

ఓబన్న పోయినప్పుడు ఊరోళ్లు గుర్తుగా రాయి నాటబోతే, మాదిగోనికి రాయేందని కోటోళ్లు పీకేయించినారు. మళ్లా నాటినారు, మళ్లా పీకినారు. మూడోసారి నాటలేదు. రాయి అయితేనే కదా పీకేది అనుకున్నారు.

అప్పటి నుంచి సుద్దకొండ కింద ఊర్లలో ఒక పద్ధతి ఉంది. బిడ్డకు మొదటి పుస్తకం తెస్తే, గుడికి పోకముందే, దర్గాకు పోకముందే, చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకుపోతారు. ఆయన చేతిలో పని ఆపుతాడు గానీ చెయ్యి కడుక్కోడు. తోలు మరక ఉన్న చేత్తోనే పుస్తకం తీసుకుని అడుగుతాడు, "కడిగినారా దీన్ని?"

"లేదన్నా, కడగలేదు," అనాల బిడ్డ తల్లి.

అప్పుడు ఆయన పుస్తకం తెరిచి, మొదటి ఆకు మీద బొటనవేలు అద్ది ఇస్తాడు. ఆ కోట వంశపోళ్ల బిడ్డలైనా అంతే. వాళ్ల తల్లులూ అక్కడికే రావాల, చెప్పుల నడుమ నిలబడాల, గట్టిగా, అందరికీ వినపడేటట్లు ఆ మాట అనాల. అననిదే వాళ్ల బిడ్డకు అక్షరం మొదలు కాదు.