దిగనంటే దిగని గొర్రు

ఇంటింటికీ ఫోన్లు రాకమునుపు, ఎద్దులు తగ్గి ట్రాక్టర్లు పాతబడుతున్న రోజుల్లో, కోడిగుట్ల అనే ఊళ్ళో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవారు. పెద్దది ఓబులమ్మ, చిన్నది సుంకమ్మ. తల్లీతండ్రీ పోయాక ఒకరికొకరే దిక్కు.

వాళ్ళకు వాన నీళ్ళు పారే వంక పక్కన నల్లరేగడి చేను ఉండేది. తండ్రి నాటి పాత ఎర్ర ట్రాక్టరు ఉండేది. అక్క దున్నేది, చెల్లెలు విత్తేది.

ఒక ఏడు శనగ పైరు నిలువునా ఎండిపోయింది. దుఃఖం పట్టలేక ఇద్దరూ మాటామాటా అనుకున్నారు.

"నువ్వు ఆలస్యంగా దున్నినందుకే ఎండిపోయింది. నువ్వు లేకున్నా ఈ చేను నడుస్తుంది" అంది సుంకమ్మ.

ఓబులమ్మ ట్రాక్టరెక్కింది. దాని వెనక నేల దున్నే గొర్రును పైకెత్తి, ట్రాక్టరును తెచ్చి పాకలో నిలిపింది. బట్టలు మూట గట్టుకుని వంక దాటి, మేనమామ ఊరికి వెళ్ళిపోయింది.

మొదట్లో సుంకమ్మ కోపంగా ఉండింది. తరువాత కోపం పోయింది, ఇల్లు మాత్రం బోసిగా మిగిలింది. రొట్టెలు కాల్చేటప్పుడు చేయి ఎప్పటిలాగే ఇద్దరికీ పిండి తీసేది. వంక ఆవలినుంచి ఏ ట్రాక్టరు చప్పుడు వినిపించినా చేతిలో పని ఆగిపోయేది. 'అక్క నడుపుతుందేమో' అనుకునేది. వెళ్ళి పిలుద్దామని చెప్పులు వేసుకునేది. ఏ ముఖం పెట్టుకుని పోవాలని మళ్ళీ విడిచేది.

ఎండాకాలం పోయి శనగ విత్తే కాలం వచ్చింది. ఎదురుచూడగా చూడగా వాన కురిసింది. నేల మంచి పదునెక్కింది. నల్లరేగడిలో ఆ పదును ఉన్నప్పుడే విత్తనం పడాలి. తడి ఆరితే ఆ ఏటికి గింజ లేదు.

సుంకమ్మ ట్రాక్టరెక్కింది. ఇంజను దగ్గి దగ్గి అందుకుంది. చేలోకి పోయి, గొర్రు దింపుదామని లిఫ్టు పిడిని కిందికి వంచింది. గొర్రు దిగలేదు. పైకీ కిందికీ ఎన్నిసార్లు వంచినా లిఫ్టు చేతులు గాలిలోనే బిగుసుకుని ఉన్నాయి. పక్క చేలల్లో దుక్కులు సాగుతున్నాయి. ఆమె చేలో మాత్రం గొర్రు నేలకు ఆమడ దూరంలో ఉన్నట్టు వేలాడుతూనే ఉంది.

ఆమె మిస్త్రీ మౌలాలిని పిలుచుకొచ్చింది. ఆయన గొర్రు కింద రెండు మొద్దులు పెట్టించి, అప్పుడు గాని దగ్గరికి పోలేదు. పాత నూనె తీసేశాడు. నూనె వడగట్టే జల్లెడలో పేరుకున్న మడ్డి కడిగాడు. కొత్త నూనె పోశాడు. ఇంజను నడిపించాడు.

గొర్రు దిగలేదు.

"ఇక లిఫ్టు పెట్టె విప్పాల్సిందేనమ్మా" అన్నాడు మౌలాలి. "పాత బండి. విప్పితే లోపల ఏం విరుగుతుందో చెప్పలేను. మళ్ళీ బిగించేసరికి నీ పదును నిలవకపోవచ్చు."

సుంకమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "విప్పన్నా. ఇంకేం చేస్తాం" అంది.

మౌలాలి పానా చేతిలోకి తీసుకుని, ఏదో అనుమానం వచ్చి ఆగాడు. "ఈ గొర్రును కడపట ఎత్తింది ఎవరమ్మా?"

ఇన్నాళ్ళుగా ఆ పేరు సుంకమ్మ నోట రాలేదు.

"మా అక్క."

"ఆమెను అడిగినావా?"

"లేదు."

"అడిగిరా. అంతవరకు నేను పానా పెట్టను."

సుంకమ్మ బయలుదేరింది. వంకలో మోకాటి లోతు కొత్త నీరు. ఒడ్డున ఆగింది. ఒకసారి వెనక్కి తిరిగి చేను వైపు చూసింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది.

మేనమామ ఇంటి ముందు ఓబులమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. ముందుకన్నా చిక్కిపోయింది. చెల్లెల్ని చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"తడిసిపోయినావే. అన్నం తిన్నావా?" అంది.

సుంకమ్మ ఎదురుగా కూర్చుని సంగతంతా చెప్పింది.

ఓబులమ్మ తల వంచుకుని వింది. "సీటు కింద తిప్పి మూసే చిన్న మర ఉంటుంది. దాన్ని నేనే మూసినా. అది మూస్తే లోపలి నూనె కదలదు, ఎత్తిన గొర్రు ఎత్తినట్టే ఉంటుంది. మట్టి కప్పేసి ఉంటుంది, అందుకే మీకు కనపడలేదు."

"ఎందుకు మూసినావక్కా?"

"నీకు గొర్రు కింద దూరి గడ్డి పెరికే పిచ్చి అలవాటు ఉంది కదా. నేను ఇంట్లో లేనప్పుడు అది నీ మీద పడితే?"

అంత కోపంలో ఇల్లు విడిచిపోతూ కూడా అక్క తలచుకున్నది చెల్లెలి ప్రాణాన్నే. సుంకమ్మ ఏడ్చేసింది.

"సరే, పో. పదును ఆరిపోతుంది. నువ్వు గొర్రు కోసం కదా వచ్చింది" అంది ఓబులమ్మ, మళ్ళీ కాయల మీదికి చూపు మరల్చి.

అవునని తలూపి వెళ్ళిపోవచ్చు. పని తెలిసింది, దారీ తెలుసు. కాని సుంకమ్మ అబద్ధం ఆడలేకపోయింది.

"గొర్రు కోసమని చెప్పే బయలుదేరినా. వంకలో దిగినాక గొర్రు గుర్తే లేదక్కా. నువ్వు తలుపేసుకుంటావేమోనని ఒకటే భయం. ఆ పొద్దు నేనన్న మాట తప్పు. నువ్వు లేక చేను నడవలేదు, నేనూ నడవలేదు."

ఓబులమ్మ చేతిలోని కాయను చేటలో వేసింది.

"నేను రోజూ వంకదాకా వచ్చి పోతున్నానే. నువ్వు పిలవందే ఎట్లా దాటేది?" అంది. చేట పక్కన పెట్టి, కొంగు బిగించి లేచింది.

ఇద్దరూ చేయి పట్టుకుని వంక దాటారు.

మౌలాలి మొద్దులు తీసి దూరంగా జరిగాడు. ఓబులమ్మ సీటు కింద చేయి పెట్టి, గట్టిపడిన మట్టి రాల్చి, మరను కొంచెం కొంచెంగా వదులు చేసింది. లిఫ్టు చేతులు ఒక్కసారి వణికాయి. గొర్రు మెల్లగా వంగి, తడినేలలో పళ్ళు దింపింది.

అక్క దున్నుతూ పోయింది. చెల్లెలు ఒడిలో శనగలు పోసుకుని వెనకే నడిచింది. పొద్దు వాలేలోగా చేనంతా విత్తనం పడింది.

పనిముట్టయినా మనసయినా బిగుసుకుపోయినప్పుడు, విరగ్గొట్టి చూడకూడదు. దాన్ని బిగించిన వారి దగ్గరికే వెళ్ళి, నిజం చెప్పి, నోరు తెరిచి అడగాలి.