చడీచప్పుడు లేని బడి

తునికివనం అనే అడవిలో జింకలు, కుందేళ్ళు, అడవిపందులు, నెమళ్ళు, ఎలుగుబంట్లు కలిసి ఉండేవి. ఆ అడవి పిల్లలకు నేరేడు చెట్టు నీడలో ఒక బడి ఉండేది.

బడి బాగోగులు చూడటానికి ఒక కమిటీ కూడా ఉండేది. దాని అధ్యక్షుడు సింగారయ్య అనే నెమలి. అంత పెద్ద పింఛం ఇంకెవరికీ లేదు కాబట్టి అతనికి ఎవరూ పోటీ రాలేదు. గుబురప్ప అనే ఎలుగుబంటి ఒక సభ్యుడు. సమావేశానికి తేనెపట్టు తెచ్చేది అతనే కాబట్టి అతన్ని వదులుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. బురదయ్య అనే అడవిపంది ఇంకో సభ్యుడు. తను ఎందుకు సభ్యుడయ్యాడో బురదయ్యకే తెలియదు.

సమావేశం ఎప్పుడూ ఒకేలా జరిగేది. ముందు సింగారయ్య పింఛం విప్పేవాడు. తక్కినవాళ్ళు "ఆహా!" అనేవాళ్ళు. తర్వాత ఒకరి మెడలో ఒకరు అడవిమల్లె దండలు వేసుకునేవాళ్ళు. ఆ తర్వాత తేనె. తేనె అయ్యాక "తీర్మానం ఏకగ్రీవం" అని తల ఊపేవాళ్ళు. ఏ తీర్మానం అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మూతి నిండా తేనె పెట్టుకుని ఎలా అడుగుతారు?

ఒకసారి బడికి పంతులు కావలసి వచ్చింది. కమిటీ గుడ్లగూబను పెట్టింది.

"ఆ కళ్ళు చూడండి, ఎంత పెద్దవో! చదువంతా అక్కడే ఉంది," అన్నాడు సింగారయ్య. అందరూ తల ఊపారు.

గుడ్లగూబ పగలు నిద్రపోతుందని అడవిలో అందరికీ తెలుసు. కమిటీకీ తెలుసు. ఆ పూట మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక చూడండి! పొద్దున బడి మొదలవగానే పంతులు కొమ్మ మీద కునికేవాడు. ఆయన్ని చూసి పిల్లలూ కునికేవాళ్ళు. అప్పుడప్పుడు కమిటీ తనిఖీకి వచ్చేది. వరసగా పడుకున్న పిల్లల్ని దూరం నుంచి చూసి మురిసిపోయేది.

"ఒక్కరైనా అల్లరి చేస్తున్నారా? పంతులుగారు కళ్ళు మూసుకుని ఎంత లోతుగా ఆలోచిస్తున్నారో! పదండి, కదిలించకూడదు," అనేవాడు సింగారయ్య. అందరూ మునివేళ్ళ మీద వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు.

దూదమ్మ అనే కుందేలు కొడుకు చెంగు ఆ బడిలోనే చదివేవాడు. దూదమ్మకు వాడొక్కడే.

ఎండాకాలం వస్తే ఆ అడవిలోకి రేచుకుక్కలు వేటకు గుంపుగా దిగేవి. చెట్టు చివర కూర్చునే కొండయ్య అనే కొండముచ్చు వాటిని ముందే చూసి "ఖక్! ఖక్!" అని అరిచేవాడు. ఆ కేక వినగానే ముళ్ళపొదలోకి దూరాలి. అడవిలో పుట్టినవాళ్ళు మొట్టమొదట నేర్చుకోవలసింది అదే.

ఎండలు ముదురుతుంటే దూదమ్మ కొడుకును అడిగింది. "ఒరే చెంగూ, కొండయ్య మామ ఖక్ ఖక్ అంటే ఏం చెయ్యాలిరా?"

"మిరియాల కషాయం ఇవ్వాలమ్మా," అన్నాడు చెంగు.

దూదమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పటికప్పుడు వాణ్ణి కూర్చోబెట్టి ఆ పాఠం తనే చెప్పింది. మర్నాడే కమిటీ దగ్గరికి వెళ్ళింది.

"సింగారయ్య గారూ, మా వాడికి బడిలో ఒక్క ముక్కా రాలేదండీ. మీరు ఒక్కసారి పాఠం మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూడండి."

"చూశామమ్మా! మా బడిలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది."

"చిటుక్కుమనాలంటే ఆ చీమైనా మేలుకుని ఉండాలి కదండీ!"

సింగారయ్యకు కోపం వచ్చింది. "అధ్యక్షుణ్ణే ప్రశ్నిస్తావా? ఈ పంతులుగారికే వార్షికోత్సవంలో సన్మానం చేస్తాం. వచ్చి చూడు!"

"కోప్పడకు చెల్లెమ్మా, కాస్త తేనె తిను," అన్నాడు గుబురప్ప. బురదయ్య దూదమ్మ మాటకూ తల ఊపాడు, అధ్యక్షుడి మాటకూ తల ఊపాడు.

వార్షికోత్సవం వచ్చింది. నిద్రపోతున్న గుడ్లగూబకు టేకాకు శాలువా కప్పారు. ఆయన ఇంకాస్త వెచ్చగా నిద్రపోయాడు. సింగారయ్య బండ ఎక్కి, పింఛం పూర్తిగా విప్పి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

అంతలో చెట్టు పైనుంచి "ఖక్! ఖక్!" అని వినిపించింది.

ఆ కేక సింగారయ్య చిన్నప్పటినుంచి విన్నదే. కానీ బండ మీద నిలబడి పింఛం విప్పాక అతనికి తన గొంతు తప్ప ఇంకేదీ చెవికెక్కదు. "సభలో దగ్గకూడదు!" అని కసిరాడు. ముందు వరసలో కూర్చున్న అతని కూతురు లేచి, "నాన్నా, మిరియాలు తేనా?" అంది.

"పొదలోకి! అందరూ పొదలోకి!" అని దూదమ్మ కేక పెట్టింది. పిల్లలు బిక్కమొహాలు వేశారు. ఒక్క చెంగు మాత్రం చెంగున లేచి, నెమలిపిల్లను ముందుకు తోసుకుంటూ పరిగెత్తాడు. వాణ్ణి చూసి పిల్లలందరూ పరిగెత్తారు. గుబురప్ప తేనెపట్టు వదిలేసి పరిగెత్తాడు. బురదయ్య తల ఊపకుండానే పరిగెత్తాడు.

సింగారయ్య పింఛం ముడిచేలోగా రేచుకుక్కలు వచ్చి పడ్డాయి. ఒకటి పింఛం పట్టుకుంది. అతను శక్తి కొద్దీ గుంజుకుని చెట్టెక్కాడు. ఈకలన్నీ దాని నోట్లోనే ఉండిపోయాయి.

కుక్కలు వెళ్ళాక అందరూ బయటికి వచ్చారు. దూదమ్మ కొడుకును వాటేసుకుని ఏడ్చింది. నెమలిపిల్ల తండ్రిని చూసి, "నాన్నా, అది దగ్గు కాదా? మాకెవరూ చెప్పలేదే!" అంది. సింగారయ్య కంట నీళ్ళు తిరిగాయి. ఈకలు పోయినందుకు కాదు.

"ఈ పంతుల్ని పెట్టింది నేనే," అన్నాడు తల దించుకుని.

సందడికి గుడ్లగూబ ఒక కన్ను తెరిచాడు. "నేను పగలు నిద్రపోతానని చెబుదామనే అనుకున్నానండీ. మీరు వచ్చినప్పుడల్లా నిద్రలో ఉన్నాను," అన్నాడు.

కొత్త కమిటీకి దూదమ్మ అధ్యక్షురాలైంది. ఆమె ముందు పిల్లలకు ఏం రావాలో అందరితో మాట్లాడి తేల్చింది. తర్వాత అది నేర్పగలవాళ్ళను వెతికింది. పగటిబడికి కొండయ్య పంతులయ్యాడు. గుడ్లగూబ గబ్బిలాల పిల్లలకు రాత్రిబడి పెట్టాడు. అక్కడ ఆయనంత హుషారైన పంతులు లేడు! సభ్యులు వంతులవారీగా తరగతిలో కూర్చోవాలి, పిల్లల్నే అడిగి తెలుసుకోవాలి అని నియమం పెట్టారు. తేనె మాత్రం పని అయ్యాకే. మొదటి సమావేశంలోనే బురదయ్య, "ఏ తీర్మానం?" అని అడిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

సింగారయ్యను కూడా తరగతికి రమ్మన్నారు. వానలు పడ్డాక అతనికి ఈకలు మళ్ళీ వచ్చాయి. అయినా బడికి వచ్చేటప్పుడు వాటిని ముడుచుకునే వచ్చి, వెనక వరసలో కూర్చునేవాడు.

ఒకరోజు పక్క అడవి నుంచి వచ్చిన కొంగ చెవులు మూసుకుని, "అబ్బబ్బ! ఏమిటండీ ఈ బడిలో ఇంత గోల?" అంది.

"హమ్మయ్య! మేలుకునే ఉన్నారు," అన్నాడు సింగారయ్య.

నీతి: బడిని నడిపే పెద్దలు ముందు బడిలో కూర్చుని చూడాలి, పిల్లలకు ఏం వచ్చిందో అడగని పెద్దరికం ఆపదలో అక్కరకు రాదు.