బొగ్గుపులుసుకి నోరూరిన నక్క

చలికాలం, ఇంకా పూర్తిగా తెల్లారలేదు. కర్రెద్దు కొట్టంలో లాంతరు వెలుగుతోంది. చుక్కకోడికి మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి. దాని ఒక్కగానొక్క పిల్ల నక్క కాలికింద ఉంది మరి! ఆ నక్క అట్లాంటిట్లాంటిది కాదు. ఊళ్ళో సగం కోళ్ళు దాని పొట్టలోనే కాపురం. అబద్ధమంటే ఆ కోళ్ళనే అడగండి.

"వదిలెయ్ బావా, నీ కాళ్ళకి దండం!"

"కోడిపులుసుకి నాలుక పీకేస్తోంది మరదలా! పుట్టి బుద్ధెరిగి చూడని వింతేదైనా చూపించు, వదుల్తా."

"నిప్పు నీళ్ళు కక్కుతుంది. చూస్తావా?"

నక్క పడీపడీ నవ్వింది. "నిప్పుకీ నీళ్ళకీ పొత్తేంటే, పిచ్చిమొకమా!"

"ఆ మూలనున్న చల్లటి చెంబు లాంతరు మీద బోర్లించు మరి."

నక్క చెంబుని తోకతో పొడిగా తుడిచింది. ఒక కాలు పిల్లమీదే ఉంచి, ఇంకో కాలితో బోర్లించి తీసింది. లోపలంతా చెమ్మ! తోక చీపురులా నిక్కింది.

"ఓర్నాయనో! ఇదేం మాయే?"

"మాయేం కాదు," అంది కర్రెద్దు. బడిగోడకి వీపు గోక్కుంటూ విన్న చదువు దానిది. "కిరసనాయిల్లో ఉదజనీ బొగ్గూ ఉంటాయి. మండేటప్పుడు గాల్లో ప్రాణవాయువుతో ఉదజని కలిస్తే నీళ్ళు. బొగ్గు కలిస్తే బొగ్గుపులుసు గాలి..."

"పులుసా!" నక్క కళ్ళు లాంతరుకన్నా వెలిగాయి. "ఏదీ? నాకు కనపడదేం?"

"ఒరే, అది తినే పులుసు..." అనబోయిన ఎద్దు కాలు కోడి గట్టిగా తొక్కింది.

"లాంతరు చిల్లుల్లోంచి కారిపోతుంటే ఎలా కనపడుతుంది బావా? కింద చిల్లులన్నీ పేడతో మెత్తెయ్. పైన నీ నోరు తెరిచి ఉంచు."

నక్క రెండు కాళ్ళతో పేడ తీసి మెత్తడం మొదలెట్టింది. పిల్ల తుర్రుమని ఎద్దు పొట్టకింద దూరింది. చూసుకునే తీరిక నక్కకెక్కడిది? గాలి అందక మంట ఎర్రబడింది, వణికింది. గుప్పుమని నల్లపొగ తెరిచిన నోట్లోకే కొట్టి, దీపం ఆరిపోయింది.

తెలతెలవారే వెలుగులో నక్క మూతినిండా మసి, కాళ్ళనిండా పేడ.

"నా... పులుసేదే?" అంది దగ్గుతూ.

"గాలి పెట్టకపోతే మంట వండేది మసే బావా! బొగ్గు బొగ్గులాగే మిగిలింది. ఉప్పు సరిపోయిందా?"

నక్క కాలికింద చూసుకుంది. పిల్ల లేదు. తలెత్తితే ఎద్దు కొమ్ములు! అప్పుడది పెట్టిన పరుగుకి ఊరి పొలిమేర పక్కకి జరిగింది. కావాలంటే వెళ్ళి కొలుచుకోండి.

నోరూరినవాడికి చెవి సగమే వింటుంది.